ఆరు గ్లాసుల ఇల్లు

జూన్ 2, సోమవారం

ఈరోజు పని జరిగింది. రిటైరై రెండు నెలలు దాటాక, మళ్ళీ కాళ్ళు లాగేంత పని.

మా ఆవిడ పొద్దున్నే పక్క ఊరికి తన చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మరదలికి పన్ను పీకుతారట, తోడు ఉండాలట. సాయంత్రం బస్సుకి వచ్చేస్తానంది. తను వీధి మలుపు తిరగగానే వంటింటి అల్మారాలు రెండూ, అటక, స్టవ్ కింద అర, అన్నీ ఖాళీ చేసి నేల మీద పరిచాను. మోటార్ల ఫ్యాక్టరీ స్టోర్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి. సరుకు చూసి బెదరను. అయినా ఇది చూసి పీట వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. గాజు గ్లాసులు నలభై ఒకటి. ఇంట్లో ఉండేది ఇద్దరం. ప్లేట్లు ముప్ఫై దాకా, ఏ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు. గిన్నెల్లేని మూతలు, మూతల్లేని గిన్నెలు. పిడి విరిగిన కప్పులు నాలుగు ఉంటే వాటిని కూడా కడిగి బోర్లించింది.

స్టోర్‌లో నాది ఒకటే సూత్రం. ఏడాదిగా కదలని సరుకుకి అరలో చోటు లేదు.

ఆరు గ్లాసులు, ఆరు ప్లేట్లు, నాలుగు కప్పులు, ఎనిమిది గిన్నెలు ఉంచాను. అరల అంచులకి చీటీలు అంటించాను. మిగిలిన సామానంతా పాతసామాన్ల బండాయన మూడు గోనెసంచుల్లో వేసుకుపోయాడు. వట్టినే ఇచ్చేశాను. "గాజు ఉంది, జాగ్రత్త" అంటే నవ్వాడు.

ఇప్పుడు అల్మారా తలుపు తీస్తే లోపల గాలి ఆడుతోంది. తను చూసి మురిసిపోతుంది.

అదే రోజు, రాత్రి

వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగడానికి అల్మారా తీసింది. మూసింది. రెండోది తీసింది. మూసింది.

"చారల గ్లాసులేవి?"

"అవి పాతబడ్డాయి కదా. బండాయనకి ఇచ్చేశాను."

"మిగతావి?"

"అన్నీ ఇచ్చేశాను. చూడు, ఎంత ఖాళీ వచ్చిందో."

చీటీ మీద వేలు పెట్టింది. 'గ్లాసులు - 6' అని రాసి ఉంది. చదివింది. నీళ్ళు తాగకుండానే లోపలికి వెళ్ళి పడుకుంది.

ప్రయాణం బడలిక. రేపు బాగానే ఉంటుంది.

జూన్ 3, మంగళవారం

చెల్లెలి దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. పన్ను పీకినచోట వాపు తగ్గలేదట. చిన్న సూట్‌కేసు పట్టుకెళ్ళింది. పన్నుకి సూట్‌కేసు ఎందుకో నాకు తెలీదు. నా పన్ను ఎప్పుడూ పీకలేదు.

వెళ్ళేముందు నాకు టీ పెట్టి బల్ల మీద ఉంచింది. అంటే కోపం లేనట్టే.

జూన్ 4, బుధవారం

ఒక్కడినే. ఆరు గ్లాసులు. ఏ గ్లాసు ఎక్కడుందో వెతుక్కునే పనే లేదు. చాలా సుఖంగా ఉంది.

జూన్ 6, శుక్రవారం

పొద్దున పక్కింటి టైలరమ్మ వచ్చింది. గుమ్మంలోంచే లోపలికి తొంగి చూసి, "వదిన లేదా అన్నయ్యగారూ?" అంది. ఊరెళ్ళిందన్నాను.

"పర్లేదు, మీరే ఇవ్వండి. మా పెద్ద గిన్నె కావాలి. రేపు మా అక్క పిల్లలు వస్తున్నారు."

"మీ గిన్నె మా ఇంట్లో ఉందా?"

"ఎప్పట్నుంచో. రెండు మిషన్లు పెట్టాక మా గదిలో గిన్నె పెట్టే చోటెక్కడుంది? వదిన తన అటక మీద పెట్టుకోనిచ్చింది. అడుగున ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉంటుంది చూడండి."

నాకు ఆ గిన్నె గుర్తుంది. ఇద్దరికి ఇంత గిన్నె దేనికి అని మొట్టమొదట సంచిలో వేసింది దాన్నే.

"వెతికి పెడతాను" అన్నాను. అరవై ఏళ్ళొచ్చి ఒక అబద్ధం ఆడటానికి చెవులు వేడెక్కాయి.

ఆవిడ వెళ్ళాక, నేను ఉంచిన ఆరు ప్లేట్లూ తిరగేశాను. రెండింటి అడుగున ఆకుపచ్చ చుక్కలు. ఒకదానికి ఎర్ర గీత. అవి ఎవరివో?

జూన్ 7, శనివారం

మేడ మీద నర్సు డ్యూటీకి వెళ్తూ ఆగి, గాజు జగ్గు సాయంత్రం తీసుకుంటానంది. జగ్గు తనదట. ఆకుపచ్చ చుక్కలు తనవట.

నేను ఇచ్చేసిన దాంట్లో సగం మాది కాదు. స్టోర్‌లో ఒక బోల్టు బయటికి పోవాలన్నా రెండు సంతకాలు అడిగేవాణ్ణి.

జూన్ 8, ఆదివారం

మరదలికి ఫోన్ చేశాను. పన్ను సంగతి అడిగాను.

"పన్నుకేం బావగారూ, మంగళవారానికే మానిపోయింది. వేరుశనగలు నములుతున్నాను."

"మరి మీ అక్క?"

"పెరట్లో ఉంది. పిలవనా?"

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా ఏవో మాటలు. మళ్ళీ మరదలే వచ్చింది.

"బట్టలు ఆరేస్తోంది, బావగారూ. తర్వాత చేస్తానంది."

"కోపంగా ఉందా?"

కాసేపు పలకలేదు. మరదలు పలకకపోవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ నిద్రలో కూడా మాట్లాడుతుందని తోడల్లుడు చెప్తుంటాడు.

"కోపమైతే నేను నచ్చజెప్పి పంపేదాన్ని" అంది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. దానికి ఎవరు చెప్పారో. "నాన్నా, అమ్మ గ్లాసులు ముట్టుకున్నావా?" అంది హలో కూడా అనకుండా. చిన్నప్పుడు దాన్ని కూడా ముట్టుకోనిచ్చేది కాదట. నాకు ఆ సంగతే తెలీదు. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఏడింటికి వచ్చేవాణ్ణి. ఆదివారాలు పడుకునేవాణ్ణి.

తను తర్వాత ఫోన్ చేయలేదు.

జూన్ 10, మంగళవారం

బండాయన కొట్టు రైల్వే గేటు అవతల ఉంది. రెండు బస్సులు మారి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో దారంతా తెలుస్తూనే ఉంది.

నన్ను చూసి కుర్చీ వేశాడు. ఇంకో మూడు సంచులు ఇస్తాననుకున్నాడేమో. విషయం చెప్తే తల గోక్కున్నాడు.

"సార్, మీరే కదా ఒక్కటి కూడా తిరిగి చూడనక్కర్లేదు, పట్టుకుపో అన్నారు."

అన్నాను. నిజమే.

గిన్నెలు ఇంకా గుట్టలోనే ఉన్నాయి. ఇద్దరం కలిసి వెతికాం. టైలరమ్మ గిన్నె దొరికింది, అంచు దగ్గర సొట్ట పడింది. ప్లేట్లు పదకొండు దొరికాయి. కొన్ని మూతలు. గాజు సంగతి అడిగితే పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఇనప డ్రమ్ము ఉంది. గాజు అలాగే ఉంటే చోటు పడుతుందట, అందుకే వచ్చిన రోజే పగలగొట్టి డ్రమ్ములో పోస్తారట.

లోపలికి చూశాను. పెంకుల్లో చారలు కనిపించాయి. నీలం చార, సన్నది, రెండు వేళ్ళంత ముక్క మీద. పక్కన ఇంకోటి. అవి ఎన్నో కూడా చెప్పలేను. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి లెక్కపెట్టాలనిపించలేదు.

"ముఖ్యమైనవా సార్?" అన్నాడు.

ఏం చెప్పాలి. వాటి సంగతి నేనెప్పుడూ తనని అడగలేదు.

జూన్ 11, బుధవారం

గిన్నె తీసుకెళ్ళి టైలరమ్మకి ఇచ్చి, జరిగింది చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ సొట్ట మీద వేలితో రాస్తూ విన్నది. మిషన్ మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

"పోనీండి అన్నయ్యగారూ, సొట్ట పడితే కూర ఉడక్కపోదు" అంది. గిన్నె పక్కన పెట్టి, "ఆ రోజు బండి చూసి, వదినకి చెప్పే చేశారనుకున్నాం మేమంతా" అంది.

మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అని మొదలుపెట్టి ఆవిడ చెప్పుకొచ్చింది. నెల రోజులు మా ఇంటి నుంచి భోజనం వెళ్ళిందట. ఏ రోజూ ఖాళీ గిన్నె తిరిగి పంపాల్సిన అవసరం రానివ్వలేదట, ఎన్ని గిన్నెలైనా అటక మీంచి దిగుతూనే ఉండేవట. వీధిలో ఎవరింటికి నలుగురొచ్చినా గ్లాసులు మా అల్మారాలోంచే వెళ్ళేవట. ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో మా ఆవిడకి నోటికేనట. ఒక్క కాగితం లేదు. ఒక్క గ్లాసు పోలేదు.

మోటార్ల ఫ్యాక్టరీలో నేను ఏడుగురి సాయంతో, రెండు గదుల కాగితాలతో చేసింది ఆ పనే. నా దగ్గర ఏటా ఏదో ఒకటి పోయేది.

జూన్ 12, గురువారం

నర్సుకి కొత్త జగ్గు కొనిచ్చాను. తీసుకుంది. పాతదాని మూతి సన్నగా ఉండేది, ధార బాగా పడేది అంది. పైకి వెళ్ళిపోయింది.

జూన్ 14, శనివారం

వీధి చివర వడ్రంగి వాళ్ళమ్మ తెల్లవారుజామున పోయింది. తొంభై దాటిన మనిషి. నిన్న సాయంత్రం కూడా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించిందట.

ఎనిమిదింటికి టైలరమ్మ పరుగున వచ్చింది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా అక్కడ గ్లాసుల్లేవు. అలవాటు చొప్పున కాళ్ళు మా ఇంటికే తెచ్చాయి. గుమ్మంలోకి వచ్చాక గుర్తొచ్చి ఆగిపోయింది. ఆవిడ ఏమైనా అని ఉంటే బాగుండేది.

నేను ఆరు గ్లాసులూ సంచిలో వేసి, చొక్కా తొడుక్కుని బయల్దేరాను. ఒక్కో ఇంటి తలుపూ తట్టడం మొదలుపెట్టాను. పంతొమ్మిదేళ్ళుగా ఈ వీధిలో ఉంటున్నాను, ఎవరి తలుపూ తట్టలేదని రెండో ఇంటి దగ్గర తెలిసింది. తలుపు తీసిన పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరండీ మీరు?"

మోటార్ల ఫ్యాక్టరీలో స్టోర్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యానని చెప్పాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మూడో నంబరు ఇల్లు అన్నాను. అప్పుడు లోపల్నుంచి ఒకావిడ గొంతు వినిపించింది.

"గ్లాసులక్క వాళ్ళాయన అనుకుంటా. లోపలికి రమ్మనండి."

గ్లాసులక్క. ఆ పేరు ఉందని నాకు తెలీదు. ఆ తర్వాత ప్రతి తలుపు దగ్గరా అదే చెప్పాను, గ్లాసులక్క భర్తని అని. ప్రతి తలుపూ తెరుచుకుంది. రెండు, నాలుగు, ఒకరింట్లో డజను. స్టీలు, గాజు, పింగాణీ, పిల్లల బొమ్మల కప్పు కూడా. పదింటికల్లా అరవై దాటాయి.

వడ్రంగి పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని కడుగుతూ ఉన్నాను. తాగినవి వస్తున్నాయి, కడిగినవి వెళ్తున్నాయి. ఎండ నెత్తికెక్కింది. పన్నెండింటప్పుడు నా ముందు ఒక నీడ పడింది. తలెత్తితే తను. వెనక మరదలు. కబురు తెలిసి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు.

తను లోపలికి వెళ్ళి ముసలమ్మ దగ్గర చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గాజులు మోచేతి మీదికి తోసుకుని, నా పక్కన ఇటుక మీద కూర్చుని, నా చేతిలో గ్లాసు తీసుకుంది.

"అంచు ముందు తోమాలి" అంది. "నోరు తగిలేది అక్కడే."

అంతే. రెండు గంటలు పక్కపక్కనే కడిగాం. సాయంత్రం ఎవరి గ్లాసులు వాళ్ళకి తనే పంచింది. నేను కాగితం మీద రాసుకున్నది చూసుకునేలోపే తను సగం ఇళ్ళకి పంపేసింది. ఆ తర్వాత మరదలితో కలిసి ఐదున్నర బస్సెక్కింది.

మా ఇంటి వైపు చూడను కూడా లేదు.

జూన్ 15, ఆదివారం

ఇది నా కోసమే రాసుకుంటున్నాను కాబట్టి నిజమే రాయాలి.

నేను అల్మారాల జోలికి వెళ్ళింది అవి నిండిపోయాయని కాదు. అవి పంతొమ్మిదేళ్ళుగా నిండే ఉన్నాయి. రిటైరైన మొదటి వారం స్టోర్ నుంచి ఫోన్ వస్తుందని చూశాను. ఏదో ఒకటి దొరకదు, నన్ను అడగాలి కదా. రాలేదు. రెండో వారం నేనే చేశాను. కొత్తగా వచ్చినతను చాలా మర్యాదగా, "అంతా బాగుంది సార్, మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

అంతా బాగుంది.

ఇంట్లో తను పొద్దున్నుంచి తిరుగుతూ ఉండేది. ఒక్కో గదిలో తనకి ఒక్కో పని. నేను ఏ గదిలో కూర్చున్నా కాళ్ళు తీయమనేది, ఊడవడానికి. నా చోటు ఏదో నాకే తెలియలేదు. అందుకని తన చోటు తీసుకున్నాను. అడిగి తీసుకుంటే సిగ్గుచేటని, తను లేని రోజు చూసి తీసుకున్నాను.

ఇది ముందే రాసి ఉండాల్సింది.

జూన్ 17, మంగళవారం

మరదలి ఇంటికి వెళ్ళాను. తోడల్లుడు వాళ్ళ బేకరీకి వెళ్ళిపోయాడు. మరదలు టీ ఇచ్చి, పనేమీ లేకపోయినా మేడ మీదికి వెళ్ళింది.

తను చిన్న బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా నేను.

"చారల గ్లాసులు పగలగొట్టేశారు" అన్నాను. "కొట్టుకి వెళ్ళి చూశాను. దొరకలేదు."

"తెలుసు. టైలరమ్మ చెప్పింది."

"అవి ఎవరిచ్చారు? మీ అమ్మగారివా?"

"కాదు."

"మరి?"

"సంతలో కొన్నాను. నచ్చాయి." నా వైపు చూసింది. "కథ ఉంటేనే ఉంచుతారా? నాకు ఇష్టం అంటే చాలదా?"

టీ కప్పు పక్కకి జరిపాను. తనే మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో తను అంతసేపు మాట్లాడగా నేను మధ్యలో ఆపకపోవడం బహుశా అదే మొదలు.

"మీ స్టోర్‌కి నేనెప్పుడైనా వచ్చానా? ఇది తీసేయండి, అది మార్చండి అని ఒక్క మాట అన్నానా? ఆ రోజు తలుపు తీస్తే, నా వంటింట్లో నాకు ఆరు గ్లాసులు కేటాయించి చీటీ అంటించారు. నీళ్ళు తాగాలంటే పరాయి ఇంట్లో ఉన్నట్టు అనిపించింది."

"తప్పే."

"ఏడాదిగా కదలనిది ఉండకూడదన్నారు ఎప్పుడో, మీ స్టోర్ గురించి చెప్తూ. రాత్రంతా అదే గుర్తొచ్చింది. రేపు నేనే మంచాన పడి ఏడాది కదలకపోతే?"

బల్ల మీద టీ చల్లారింది. నేను తన చెయ్యి పట్టుకోవాలనుకున్నాను. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో ఇంకొకరి ఇంట్లో అలా పట్టుకున్నది లేదు. పట్టుకున్నాను. వెనక్కి లాక్కోలేదు, అలాగే ఉంచింది.

"ఎప్పుడొస్తావు?"

"తెలీదు" అంది. "రావాలనిపించినప్పుడు."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏమీ చూడలేదు.

జూన్ 18, బుధవారం

అరల మీది చీటీలు పీకేశాను. జిగురు పోలేదు. నూనె రాసి గుడ్డతో రుద్దాను. మధ్యాహ్నం దాకా పట్టింది.

జూన్ 19, గురువారం

రాలేదు.

జూన్ 20, శుక్రవారం

టైలరమ్మ కూర పంపింది. ఆ గిన్నె కడిగి, అంచు ముందు తోమి, తిరిగి ఇచ్చాను.

జూన్ 21, శనివారం

పొద్దున పదకొండింటికి గేటు చప్పుడైంది. సూట్‌కేసు, ఇంకో చేతిలో గుడ్డ సంచి. ఫోన్ చేసి ఉంటే బస్టాండుకి వచ్చేవాణ్ణి అన్నాను. చేయాలనిపించలేదంది.

లోపలికి వచ్చి కూర్చుని నీళ్ళడిగింది. ఇచ్చాను. తాగింది.

"మీ మరదలు నన్ను పంపించేసింది" అంది.

"ఎందుకు?"

తను కాసేపు గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. నవ్వు ఆపుకుంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"దాని వంటిల్లు చూశారు కదా. కాలు పెడితే డబ్బా తగులుతుంది. నిన్న అది బేకరీకి వెళ్ళినప్పుడు కాస్త సర్దుదామని... కొంచెమే. పనికిరాని డబ్బాలు నాలుగు బయట పెట్టాను."

"నాలుగేనా?"

"పద్నాలుగు." కొంగుతో మూతి తుడుచుకుంది. "వచ్చి చూసి, అచ్చం మా బావలాగే తయారయ్యావే అక్కా, ఇద్దరూ ఒక చోటే ఉండండి, ఊరికి మంచిది అంది. మళ్ళీ ఆ డబ్బాలన్నీ నా చేతే లోపల పెట్టించింది."

ఇద్దరం నవ్వాం. తను ముందు ఆగింది.

"నవ్వానని మర్చిపోయాననుకోకండి" అంది.

"అనుకోను."

"ఎందుకు చేశారో మాత్రం కొంచెం తెలిసింది. ఎవరింట్లోనో ఊరికే కూర్చోవడం కష్టమే."

తను అన్నది మరదలి ఇంటి గురించి, నాకు వినిపించింది మా ఇంటి గురించి. నేను తల కిందికి వేసుకున్నాను. అప్పుడు నా వైపు పరీక్షగా చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే పిలిచింది. "ఏమండీ, పీట తీసుకుని ఇలా రండి."

బండాయన కొట్టు నుంచి తెచ్చిన ప్లేట్లు, మూతలు, వీధిలోవాళ్ళు ఈ వారమంతా తెచ్చి ఇచ్చిన గ్లాసులు నేల మీద పరిచి ఉన్నాయి. గ్లాసులక్క అల్మారా ఖాళీగా ఉందని వీధంతా తెలిసి, ఒక్కొక్కరూ ఒకటి రెండు తెచ్చి పెట్టి వెళ్ళారు. నేను వాటిని మూల పెట్టి ఉంచాను, సర్దలేదు. సర్దకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో తనకి చెప్పలేదు.

నన్ను పీట ఎక్కమంది. తను కింది నుంచి ఒక్కోటి అందిస్తూ, ఏది ఏ అరలో పెట్టాలో చెప్పింది. ఇది ఎవరిది, ఇది ఎవరికి ఎప్పుడు కావాల్సి వస్తుంది, దీన్ని ఎవరికి ఇవ్వకూడదు, ఎందుకివ్వకూడదు. ఒక మూత చేతిలో పట్టుకుని, దాని గిన్నె పోయి పదేళ్ళయినా అది ఎందుకు ఉండాలో చెప్పింది. ఒప్పుకోలేకపోయాను. ఒప్పుకోకపోయినా పైన పెట్టాను.

ఇరవై దాటాక నాకు కలగాపులగమైంది. జేబులో కలం తీశాను.

"ఒక్క నిమిషం. రాసుకుంటాను."

"వద్దు" అంది.

"మర్చిపోతానే."

"మర్చిపోతే నన్ను అడగండి. నేను ఇక్కడే ఉంటాగా."

కలం జేబులో పెట్టి చెయ్యి చాపాను. తను తర్వాతి గ్లాసు అందించింది. మధ్యాహ్నం దాకా అలాగే చెప్తూ ఉంది, వింటూ ఉన్నాను. ఏది ఎవరిదో, ఏ అరలో ఏముందో ఇక్కడ రాయడం లేదు.